నాటకశాలకు ధర్మకర్త

దేవాలయమునకు ధర్మకర్త యనిన నెవరో మనలో చిన్నపిల్లలకును తెలియును. మాన్యముల శిస్తు వచ్చినదా, దీపమునకు నూనె యున్నదా, కల్యాణోత్సవమునకు పందిరి పడినదా, లెక్క సరిపోయినదా అని చూచుట ఆతని పని. హారతి పళ్లెము అర్చకుని చేతిది. ధర్మకర్త గర్భగుడిలోనికి దూరి ఆ పళ్లెమును లాగికొన్నచో ఊరు నవ్వును. లెక్క చూడక పరివట్టము మాత్రము కట్టించుకొని యింటికి పోయినచో ఊరు తిట్టును. ఇంగ్లీషువారి ‘ట్రస్టీ’కి మనవారు ఈ గుడిమాటను పెట్టుట మంచిదయ్యెను. నాటకశాలల విషయమున దానికంటె పొసగిన మాట మాకు తోచదు.

జాతీయస్థాయి నాటకసంస్థ యొక్క పాలకమండలిలో ఒక తెలుగువానికి స్థానము దొరకినదనిన, మన సంఘములవారు శాలువ కప్పుదురు, దండ వేయుదురు, ఛాయాచిత్రము తీయించి గోడకు తగిలింతురు. రెండేండ్ల పిదప ఆతనిని పిలిచి, అయ్యా, తాము అచట నేమి చేసితిరి, ఏ ప్రశ్న వేసితిరి, దేనికి అడ్డు నిలిచితిరి అని యడిగిన సంఘమును మేమింతవరకు చూడలేదు. స్థానమునకు శాలువ, పనికి మౌనము. మన యిండ్లలో న్యాయవాదులు, వైద్యులు, పెద్ద వర్తకులు కలరు. ఇట్టి పిలుపులు వచ్చునది వారికే. కావున ఆ యడుగని ప్రశ్నను గూర్చి కొంత ముచ్చటింపవలెనని మా యుద్దేశము.

బోర్డులు రాకమునుపు రాజులుండిరి. 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ‘కన్యాశుల్కము’ను తొలిసారి ప్రదర్శించిరి. ఆ నాటకమునకు వెనుక నిలిచినవారు ఆనందగజపతి మహారాజుగారు. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్కవివాహముల పట్టికను వారు సిద్ధము చేయించిరనియు, లెక్కకు వచ్చినవి 1034 అనియు గురజాడ 1897 నాటి ముద్రణ పీఠికలో తెలిపినారు. ఇందు మేము గమనింపవలసిన దొకటున్నది. లెక్క రాజుది, హాస్యము కవిది. ప్రభువు తన యధికారముచేత సాధ్యమగు పనిని, అనగా ఊరూర విచారించి వివరము రాబట్టు పనిని తాను చేసెను. గిరీశమును, మధురవాణిని పుట్టించు పనిని ఆ పని తెలిసినవానికి విడిచెను. నేటి పాలకమండలులలో ఈ తారతమ్యము తెలిసినవారు ఎందరు కలరో!

జమీందారీల కాలము ముగిసెను. 1948లో మద్రాసు శాసనసభయు, 1951లో ఒడిశా శాసనసభయు ఎస్టేటుల రద్దు చట్టములను చేసినవి. రైతునకు మేలు జరిగినది, అందు సందేహము లేదు. కాని కళకు పోషకుని పీట ఖాళీయయ్యెను. ఆ పీట మీదికి ప్రభుత్వము వచ్చెను. ప్రభుత్వము తాను కూర్చుండలేదు, కమిటీని కూర్చుండబెట్టెను.

ఆ కమిటీలలో మొదటిదియు పెద్దదియు నైన కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953 జనవరి 28న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారిచే ప్రారంభింపబడెను. దాని తొలి అధ్యక్షుడు తెలుగువాడు: పాకాల వేంకట రాజమన్నారు. అప్పటికాయన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. తీర్పులు వ్రాయు చేతితోనే ‘తప్పెవరిది’ అను సాంఘిక నాటకమును వ్రాసినవాడు. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు ఆ నాటకమును రంగమునకు ఎక్కించెను. నాటకకర్తకు రంగస్థలపు బాధలు తెలియును. న్యాయమూర్తికి తన పరిధి తెలియును, ఇరుపక్షముల మాటయు వినక నోరు విప్పరాదనియు తెలియును. ఒక జాతీయ కళాసంస్థకు ధర్మకర్తగా కూర్చుండువానికి ఈ రెండును కావలెను. రెండును ఒకనియందే యుండుట అరుదు. తరువాతి కాలమున నాలుగవ ఆర్థిక సంఘమునకు అధ్యక్షుడైనవాడును, 1969లో తమిళనాడు ప్రభుత్వము కేంద్ర రాష్ట్ర సంబంధములను విచారించుటకు నియమించిన సంఘమునకు పెద్దయై 1971లో నివేదిక నిచ్చినవాడును ఆయనయే. ఢిల్లీకి ఎంత, రాష్ట్రములకు ఎంత అని తూచు తక్కెడ ఆయన చేతిని విడువలేదన్నమాట.

ఆ తక్కెడలోనే మనకు చిక్కు. అకాడమీ సర్వసభ్యమండలిలో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క ప్రతినిధి. వినుటకు న్యాయముగనే యున్నది. కాని 1936 ఏప్రిల్ 1న గంజాము ఒడిశాలో చేరిన నాటినుండి మన యూరు ఒక రాష్ట్రమునను, మన భాష వేరొక రాష్ట్రమునను ఉన్నవి. ఒడిశా ప్రతినిధి ఒడియా కళను గూర్చి మాటాడును. అది ఆయన ధర్మము. ఆంధ్ర ప్రతినిధి ఇచ్ఛాపురముతో ఆగును. ఆయన కాగితములలో సరిహద్దు అక్కడనే యున్నది. బరంపురమున తెలుగు నాటకమాడువాడు ఏ కాగితములో పడును? ఇందులో ఒకరి దురుద్దేశము లేదు. పట్టిక అట్లు గీయబడినది, అంతే.

తెలుగునకే కాదు, సరిహద్దున పుట్టిన కళలన్నిటికిని ఈ యిబ్బంది కలదు. మన గంజాము పల్లెలలో తెల్లవార్లు ఆడు ప్రహ్లాద నాటకమునే చూడుడు. దానిని పెంచినది జలంతర సంస్థానము. ఆ జలంత్రకోట నేడు శ్రీకాకుళము జిల్లాలో నున్నది. భాష ఒడియా, శ్లోకములు సంస్కృతము, సంగీతపు నడక దక్షిణాది. మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తైన మంచె పైన హిరణ్యకశిపుడు కూర్చుండి గర్జించుచుండగా ఒడియావారును తెలుగువారును ఒకే చాపమీద కూర్చుండి చూతురు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ ఎమీ ఇచటికి వచ్చి ఈ నాటకమును శ్రద్ధతో పరిశీలించి, 1996లో వెలువడిన తన గ్రంథమున దానిని చర్చించెను. సముద్రములు దాటి వచ్చినవానికి కనబడినది రాష్ట్రముల పట్టికలో ఎక్కడ వ్రాయవలెనో తెలియదు!

నాటకసంస్థ యనదగినది మన దేశమునకు జాతీయస్థాయిలో ఒకటే కలదు. 1959లో అకాడమీ నీడన వెలసి 1975లో స్వతంత్ర సంస్థయైన జాతీయ నాటక విద్యాలయము 1964లో తన వృత్తినాటక బృందమును, అనగా రెపర్టరీని, నెలకొల్పెను. ఆ బృందము గొప్ప ప్రదర్శనముల నిచ్చినదనుట సత్యము. అల్కాజీ 1962 మొదలు పదునైదేండ్లు ఆ విద్యాలయమునకు నేర్పిన క్రమశిక్షణను ఎవరు కాదనగలరు? అయినను ఆ బృందపు రంగభాష ఎక్కువగా హిందీయే. దేశమంతటి పన్నుతో నడచు బృందము దేశపు భాషలలో ఒకదానియందే ఎక్కువగా పలుకుట కళాదోషమని మేమనము, ధర్మకర్తల దోషమందుము. దర్శకుడు తనకు వచ్చిన భాషలో నాటకము కట్టును. రాని భాషల ప్రేక్షకుని గుర్తుచేయవలసినది పాలకమండలి. ఆ విద్యాలయమునకే ఒకప్పుడు సంచాలకుడైన బి. వి. కారంత్ 1990ల దశకమున సురభి నటులతో కూడి బ్రెక్ట్ నాటకమును ‘బస్తీ దేవత యాదమ్మ’గా తెలుగున ఆడించెను. కన్నడిగుడు, తెలుగు కుటుంబము, జర్మను నాటకము! ఇట్టివి జరుగుట అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది. అయినను అది ఒక వ్యక్తి చొరవగా నిలిచినదే గాని సంస్థకు అలవాటు కాలేదు.

సురభి పేరు వచ్చినది గనుక ఒక మాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున మొదలైన ఆ నాటకసమాజమునకు ధర్మకర్తలు లేరు, కుటుంబమే సర్వము. తాత రాజు వేషము, మనుమరాలు బాలకృష్ణుడు, కోడలు నాయిక. ఒక శతాబ్దమును దాటి బ్రదికినది. బోర్డు లేనిదే నాటకము బ్రదుకదని వాదించువారు దీనికేమందురు? అయినను కుటుంబపు ఓపిక మీద దేశపు కళను నిలుపుమనుట న్యాయము కాదు.

మరి పాలకమండలి గీత దాటినప్పుడు ఏమగును? లండనులోని నేషనల్ థియేటరు 1963లో ఒలీవియే సంచాలకుడుగా నాటకములు మొదలిడెను. దాని పాలకమండలి అధ్యక్షుడు లార్డ్ చాండోస్. 1967లో హోఖ్‌హుత్ అను జర్మను రచయిత నాటకము ‘సోల్జర్స్’ను ఆడవలెనని సాహిత్య నిర్వాహకుడు టైనన్ పట్టుబట్టెను. 1943లో పోలండు సేనాని సికోర్‌స్కీ విమానప్రమాదమున మరణించుటలో చర్చిలుకు ప్రమేయము కలదని ఆ నాటకమందలి సూచన. చాండోస్ యుద్ధకాలమున చర్చిలు మంత్రివర్గమున పనిచేసినవాడు. మండలి నాటకమును నిషేధించెను. మరుసటి సంవత్సరము, ప్రభుత్వపు నాటక సెన్సారు రద్దయిన పిదప, అది లండనులోనే వేరొక రంగస్థలమున ఆడబడెను.

ఈ కథను చెప్పువారు సాధారణముగా చాండోసును దుష్టునిగా చేయుదురు. మేమంత తొందరపడము. నాటకమందలి ఆరోపణకు ఆధారము చాలదు. ఆ విమానమును నడపిన పైలటు దావా వేసి గెలిచెను. అనగా విషయమున మండలి అనుమానము సరియే. తప్పు వేరుచోట నున్నది. తన పాత ప్రభువును గూర్చిన నాటకము చర్చకు వచ్చినప్పుడు చాండోస్ లేచి గది వెలుపలికి పోవలసియుండెను. మన పంచాయతీలలో సైతము వియ్యంకుని తగవునకు పెద్దమనిషి కూర్చుండడు.

డబ్లిన్‌లోని ఆబీ థియేటరు కథ దీనికి జోడు. 1925లో ఐరిష్ ప్రభుత్వము దానికి ఏటికి 850 పౌనుల సహాయమిచ్చి, మండలిలో తన ప్రతినిధిని కూర్చుండబెట్టెను. ఓకేసీ వ్రాసిన కొత్త నాటకమున కొన్ని మాటలు, ఒక పాత్రయు ఆ ప్రతినిధికి రుచింపలేదు. యేట్సు కవియు, గ్రెగరీ దొరసానియు ఒప్పుకొనలేదు. ధనము పోయినను స్వేచ్ఛయే కావలెననిరి. 1926లో నాటకము ఆడెను, సభలో అల్లరియు జరిగెను. ఇంతవరకు కవులదే గెలుపు. కాని 1928లో అదే యేట్సు, అదే ఓకేసీ మరియొక నాటకమును త్రోసిపుచ్చగా, ఆ రచయిత మనసు విరిగి ఆబీకి దూరమయ్యెను. కవి ధర్మకర్తయైనంత మాత్రమున చాలదన్నమాట. అర్చకుడే ధర్మకర్తయైనచో పక్కవాని మంత్రము ఆతని చెవికి అపస్వరముగా వినబడును.

ఇంత దూరము పోనక్కరలేకయే మన బరంపురమున చక్కని యుదాహరణము కలదు. రెండేండ్లకొకసారి చైత్రమున జరుగు బూఢీ ఠాకురాణీ యాత్రను నడుపు బాధ్యత నేతవారి కులపెద్దయైన దేశిబెహరాది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్లు ఆతని వీధికి వచ్చును. మ్రొక్కుబడి వేషములు కట్టువారు వందలు. పులి, రాజు, దేవత, బిచ్చగాడు, ఎవని మ్రొక్కు వానిది. ఎవడు ఏ వేషము కట్టవలెనో దేశిబెహరా నిర్ణయింపడు. వీధి తెరచియున్నదా, దారి అందరికిని ఉన్నదా, ఇదియే ఆతడు చూచునది. ఢిల్లీలోను లండనులోను పుస్తకములు తిరుగవేసి వెదకు సూత్రము మన వీధిలో నడచుచున్నది.

దారి అందరికిని ఉన్నదా యను ప్రశ్నకు కొలతగా మేము పొడంపేటను తీసికొందుము. గంజాము తీరమున ఋషికుల్య సముద్రమున కలియు చోటికి దగ్గరగా నున్న తెలుగు మత్స్యకారుల పల్లె. గడచిన రెండు దశాబ్దులలో కడలి కోతకు అచటి యిండ్లు ఒకదాని వెంట నొకటి కూలినవి. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ తుపాను మిగిలినదానిని కుదిపెను. కుటుంబములు లోపలికి, కొత్త కాలనీకి తరలినవి. ఇంటిలో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు లిపి రాని పిల్లలు అచట ఎందరో. పుస్తకము వారికి తెలుగును అందింపజాలదు. చెవికి చేరు తెలుగు మాత్రమే చేరును. అట్టిచోట నాటకము వినోదము కాదు, అక్షరము లేనివాని గ్రంథము. జాతీయ మండలిలో మనవాడొకడు కూర్చుండినచో, తెలుగువారికి ఒక బహుమానము, ఒక ఉత్సవము అని యడిగి తృప్తిపడుటకంటె, ఈ యేడు సంచార ప్రదర్శనములకు ఎంత ఖర్చయినది, లారీ ఏ యూళ్ళకు పోయినది, అందు రాజధాని కాని యూరెన్ని, ఆ యూరి భాషలో ఆడిన నాటకమెన్ని అని లెక్క పుస్తకము తెప్పించి చూడవలెను. ఏ నాటకము ఆడవలెనని మాత్రము అడుగరాదు.

ఆ లెక్క చూచువానికి ఊరి సంగతియు తెలిసియుండవలెను. పొడంపేట యిసుకపైకి ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షలుగా వచ్చి గుడ్లు పెట్టును. పిల్లలు వెలుపడి కడలికి పోవువరకు తీరమున దీపములు వెలిగింపరాదు, వెలుగును చూచి అవి దారి తప్పును. కనుక ఆ నెలలలో రంగదీపములతో అచటికి పోవుట కుదరదు. అక్టోబరు, నవంబరులు తుపానుల కాలము. తాబేళ్ళ రక్షణకై నవంబరు 1 నుండి మే 31 వరకు ఆ నదీముఖమున యంత్రపు పడవల వేటకు నిషేధము కలదు గనుక, ఆ కాలమున ఇంటిపట్టున నుండు జాలరులు కొందరైన నుందురు. పందిరి వేయుటకు తగిన నెలలు డిసెంబరు, జనవరి. అప్పటి రాత్రులు చలిగా నుండును; చాపలు, దుప్పట్లు వారే తెచ్చుకొందురు.