సున్నా కొలిచే మేస్త్రీ

స్కానర్ తెర మీద ఆ అంకె మూడుసార్లు చూశాను. పి0340. పక్కనే, క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ సర్క్యూట్ అని.

మొదటిసారి షెడ్డువాళ్లు “సెన్సార్ పోయింది సార్” అన్నారు. మార్చారు. ఐదు వారాలు బండి బ్రహ్మాండంగా నడిచింది. రెండోసారి “ఆ వేసింది డూప్లికేట్ అయ్యుంటుంది సార్, ఒరిజినల్ వేద్దాం” అన్నారు. వేశారు. నెల తిరక్కుండానే, ఒంగోలు వెళ్తూ చిలకలూరిపేట దాటాక టీ కోసం ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోదు. రెండో టీ తాగాను. అరగంటకి, బానెట్ మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాక, తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు అందుకుంది. వెనక సీట్లో మా ఆవిడ “మీరే ఏదో సరిగ్గా తిప్పలేదు” అంది.

నేను 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. తెలుగు మీడియం సెక్షన్‌లో సర్క్యూట్‌ని వలయం అని రాయించినవాణ్ని. వలయం అంటే ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి రావాలని, మధ్యలో ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుందని బల్ల గుద్ది చెప్పినవాణ్ని. అలాంటిది స్కానర్ తెర మీద చివరి మాట ‘సర్క్యూట్’ అని ఉంటే, షెడ్డువాళ్లతో పాటు నేనూ ‘సెన్సార్’ దగ్గరే చదవడం ఆపేశాను. రెండుసార్లు.

ఈ కోడ్‌లో ఒక్కో అంకెకీ ఒక్కో పని. ముందున్న ‘పి’ ఇంజిన్, గేర్‌బాక్సులకి సంబంధించిందని. తర్వాతి సున్నా అంటే ఏ కంపెనీ కారుకైనా ఉమ్మడి అర్థం. 3 అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ పద్దు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి చేసిన పద్ధతి ఇది, తర్వాత మన దాకా వచ్చింది. ఇందులో 0342 అయితే సిగ్నల్ వోల్టేజి ఎప్పుడూ కిందే ఉంటోందని, 0343 అయితే పైనే ఉంటోందని, 0344 అయితే వస్తూ పోతూ ఉందని. 0340 మాత్రం అన్నిటికన్నా గుంభనమైనది. ఈ వలయంలో ఏదో బాగాలేదు అంటుంది, అంతకుమించి నోరు విప్పదు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్నట్టన్నమాట. దొంగతనం ఏ వీధిలో జరిగిందో అందులో ఉంటుంది గాని దొంగ పేరు ఉండదు.

అసలు ఆ సెన్సార్ ఎందుకంటే, నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక చుట్టు పని పూర్తి కావాలంటే క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరగాలి. అంటే పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కుతూ, ఇంకోసారి పొగని బయటికి నెడుతూ. క్రాంక్ దగ్గరున్న సెన్సార్‌కి పిస్టన్ పైకి వచ్చిందని తెలుస్తుంది, అది ఏ పని మీద వచ్చిందో తెలియదు. క్యామ్‌షాఫ్ట్ ఆ రెండు చుట్లకి ఒక్కసారే తిరుగుతుంది గనక ఆ సంగతి అది చెప్పాలి. నడుస్తున్న బండిలో క్యామ్ సమాచారం మధ్యలో ఆగిపోయినా, నా కారు కంప్యూటర్ అంతకుముందు తెలిసినదాన్ని పట్టుకుని లెక్క కొనసాగించుకుంటుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు కొత్తగా అడగాలి కదా, అక్కడే వచ్చింది తంటా. టీ కొట్టు దగ్గర ఇరుక్కున్నది అందుకే.

ఇక ఆ సెన్సార్ లోపల ఉన్నది హాల్ ఎఫెక్ట్! ఏటేటా పరీక్షలో వచ్చే పది మార్కుల ప్రశ్న. 1879లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్‌లో చదువుకుంటున్న ఎడ్విన్ హాల్ అనే కుర్రాడు, మాక్స్‌వెల్ పుస్తకంలో ఒక మాట నమ్మబుద్ధి కాక, గాజు పలక మీద అతికించిన పల్చటి బంగారు రేకులో కరెంటు పంపి, అయస్కాంతం పక్కన పెట్టి, అడ్డంగా పుట్టే చిన్న వోల్టేజిని పట్టుకున్నాడు. ఎలక్ట్రాన్ ఉందని థామ్సన్ తేల్చడానికి ఇంకా 18 ఏళ్లుంది. ఇదంతా బోర్డు మీద గీసి గీసి నా చేతికి సుద్ద పట్టేసింది గాని, అది నా సొంత కారులో బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ ముక్కలో కూర్చుని ఉందని ఎప్పుడూ తట్టలేదు.

మూడోసారి షెడ్డు మార్చి విజయవాడ ఆటోనగర్‌లో ఒక వైరింగ్ మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. వెళ్లగానే నా ఉత్సాహం కొద్దీ బానెట్ ఎత్తి, సెన్సార్ కప్లర్ ఊడదీసి చూపించబోయాను.

“ముట్టుకోమాకండి మాస్టారూ!” అన్నాడు గట్టిగానే. “మీరు దాన్ని లాగితే అది బాగవుద్ది. బాగైతే నాకెట్టా దొరుకుద్ది?”

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. తప్పు దానంతటది బయటపడేదాకా దేన్నీ కదపకూడదనేది ఆయన నియమం. మనం ఏదైనా విప్పి మళ్లీ బిగిస్తే, ఆ కదలికకే లూజ్ కాంటాక్టు తాత్కాలికంగా సర్దుకుంటుంది. విప్పినప్పుడు కొత్త సెన్సార్ వేసి ఉంటే పేరు దానికి దక్కుతుంది. నా రెండు సెన్సార్లకీ దక్కిన పేరు అలాంటిదే. బండిని ఐదు వారాలు నడిపించింది కొత్త సెన్సార్ కాదు, అది వేసేటప్పుడు తగిలిన చెయ్యి.

సెన్సార్‌కి మూడు వైర్లు. ఒకటి ఐదు వోల్టుల సప్లై, ఒకటి సిగ్నల్, ఒకటి ఎర్త్. ఆయన కప్లర్ ఊడదీయకుండా, వెనకవైపు రబ్బరు సీలు పక్కనుంచి మూడు గుండుసూదులు ఒడుపుగా లోపలికి జార్చాడు. వైరు మీది ప్లాస్టిక్‌ని సూదితో పొడిచి చూసేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మంట. ఆ చిల్లులోంచి తడి దిగుతుంది, ఆరు నెలలకి లోపల రాగి పచ్చగా చిలుం పడుతుంది. టెస్ట్ ల్యాంప్ కూడా పెట్టలేదు. ఆ వైర్లు కంప్యూటర్లోకి పోతాయి, బల్బు లాగే కరెంటుకి అవి అలవాటుపడ్డవి కావు. మల్టీమీటర్ ఓమ్స్ మీద పెట్టి సెన్సార్‌ని కొలుద్దామా అని నేనే అడిగాను. “రెండు వైర్లదైతే చుట్ట ఉంటది, చూడొచ్చు. మూడు వైర్లదానికి చూడగూడదు” అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు. లోపల చుట్ట కాదు, చిన్న చిప్ ఉంటుంది, మీటరు చూపే ఓమ్స్‌కి అక్కడ అర్థం లేదు. నాకు తెలుసు, చెప్పబోయి ఊరుకున్నాను.

ఇంజిన్ ఆన్ చేయించాడు. సప్లై 4.98. సిగ్నల్ పడుతూ లేస్తూ ఉంది. మరి సరిగ్గానే ఉంది కదా అన్నాను. ఆయన మీటరు నల్ల తీగని బ్యాటరీ నెగిటివ్‌కి తగిలించి, ఎర్ర తీగని సెన్సార్ ఎర్త్ సూదికి తగిలించాడు.

“రెండు ఎర్త్‌ల మధ్య ఏం కొలుస్తావయ్యా?”

“సున్నా కొలుస్తున్నా మాస్టారూ.”

తెర మీద 0.02. ఏసీ వేయించి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. అరగంట అలాగే మీటరు వంక చూస్తూ కూర్చున్నాం. మధ్యలో ఇద్దరు ముగ్గురు వచ్చి హారన్ పని చేయట్లేదని, ఎలక ఏదో కొరికిందని అడిగితే “రేపు రండి” అని పంపేశాడు. ఆ అరగంటకి ఎవరు డబ్బిస్తారు అని నాలో నేను లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలోనే అసలు జబ్బు ఉందని ఇప్పుడనిపిస్తుంది. సెన్సార్ మారిస్తే బిల్లులో ఒక పేరు, ఒక ధర కనబడతాయి. చూస్తూ కూర్చున్నదానికి బిల్లు వేస్తే మనలో ఎంతమంది ఒప్పుకుంటాం? మొదటి షెడ్డువాళ్లని మోసగాళ్లని అననుగాక అనను. బయట కుర్చీలో నాలాంటి కస్టమర్ వాచీ చూసుకుంటూ ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు, చేతికి అందిన సామాను మారుస్తారు.

ముప్పై అయిదో నిమిషం కాబోలు, 0.02 కాస్తా 0.3 అయింది, మళ్లీ 0.02, ఉన్నట్టుండి 1.6. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఇంజిన్ మాత్రం అలాగే తిరుగుతోంది. మేస్త్రీ లేవలేదు, కుర్రాడితో “ఒరేయ్, ఎవురూ బండిని ఆనుకోమాకండి” అన్నాడంతే.

సున్నా ఉండాల్సిన చోట 1.6 అంటే, ఎర్త్‌కి వెళ్లే దారిలో ఏదో అడ్డుపడి సెన్సార్ కాళ్లు నేలకి ఆనడం లేదన్నమాట. అలాంటప్పుడు అది సిగ్నల్‌ని సున్నా దాకా దించలేదు. దించానని అనుకుంటుంది, కంప్యూటర్‌కి మాత్రం అది దిగినట్టే కనిపించదు. క్యామ్ చక్రం పళ్ల లెక్కలో ఒకటి తప్పిపోతుంది, కంప్యూటర్ 0340 రాసుకుంటుంది. సెన్సార్ తప్పు ఇందులో ఎక్కడుంది?

అప్పుడు లేచాడు. చెయ్యి పెట్టకుండా, ప్లాస్టిక్ దువ్వెన ఒకటి తీసుకుని దాని కొసతో వైరింగ్‌ని కంప్యూటర్ వైపు నుంచి సెన్సార్ దాకా బెత్తెడు బెత్తెడు చొప్పున కదుపుతూ వచ్చాడు. కళ్లు మాత్రం మీటరు మీద. కప్లర్‌కి ఇంకా నాలుగు అంగుళాలుందనగా అంకె గంతులేసింది. పక్కకి పోతే ఆగింది. వెనక్కొస్తే మళ్లీ గంతులేసింది.

ఇంజిన్ ఆపి, టేపు విప్పి ఆ నల్ల వైరు నా చేతికిచ్చాడు. పైకి కొత్తదానిలా ఉంది. గీత లేదు, మాడిన మచ్చ లేదు. “రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి” అన్నాడు. లాగాను. మిగతా వైరంతా బిర్రుగా నిలిచింది గాని ఆ ఒక్క చోట మాత్రం రబ్బరులా సాగి, సన్నబడింది. లోపల రాగి లేదక్కడ. పై తోలు మాత్రమే ఉంది.

మీటరుని బీప్ మీద పెట్టి చూపించాడు కూడా. వైరు తిన్నగా పెడితే నిక్షేపంగా కూత పెట్టింది. తెగిన కొసలు లోపల ఒకదానికొకటి ఆనుకుంటే దానికి అది చాలు. కాస్త వేడెక్కి అవి ఎడమైతే వలయం తెగినట్టే. చల్లబడ్డాక మళ్లీ కలుస్తాయి.

ఎందుకు తెగిందో కూడా అక్కడే కనబడింది. వైరింగ్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే క్లిప్పు ఒకటి లేదు. అంతకుముందెప్పుడో టైమింగ్ బెల్టు మార్చినప్పుడు విప్పినవాళ్లు తిరిగి పెట్టలేదు, లేదా అప్పుడే విరిగింది. ఇంజిన్ ఊగినప్పుడల్లా ఊపంతా ఆ నాలుగు అంగుళాల మీదే పడింది. పది రూపాయలు కూడా చెయ్యని ప్లాస్టిక్ ముక్క.

తెగిన భాగం కోసేసి, కాస్త ఎక్కువ పొడుగుతో కొత్త వైరు కలిపి, టంకం వేసి, స్లీవ్ తొడిగి వేడి చేశాడు. క్లిప్పు పెట్టాడు. కోడ్ చెరిపేసి మళ్లీ ముప్పావు గంట ఆడించాడు, 0.02 దగ్గర కదల్లేదు. ఎనిమిది వందలు అడిగితే నా నోట్లోంచి “వైరు ముక్కకా?” అన్న మాట వచ్చేసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. వెయ్యి ఇచ్చి చిల్లర అడగలేదు.

కోసేసిన ముక్క జేబులో వేసుకొచ్చాను. రాత్రి భోజనాలయ్యాక బల్ల దీపం కింద బ్లేడుతో తోలు నిలువునా చీల్చి భూతద్దం పెట్టి చూశాను. వెంట్రుకల్లాంటి రాగి తీగలు ఒక వైపు 16, ఇంకో వైపు 16. ఒక్కటీ అతుక్కుని లేదు. కొసలు మాత్రం కోసినట్టు పదునుగా లేవు, నెలల తరబడి ఒకదాన్నొకటి రాసుకుని గుండ్రంగా, నల్లగా అరిగిపోయి ఉన్నాయి. మా ఆవిడని పిలిచి చూపించాను. “అయితే మీరు తాళం సరిగ్గానే తిప్పారన్నమాట” అంది.