సెలవు ఇచ్చారు, లెక్క చెప్పలేదు

అమెరికా ప్రభుత్వం 2021 జూన్ 17న చట్టం చేసి జూన్ 19ని జాతీయ సెలవుదినంగా ప్రకటించింది. నల్లజాతి ప్రజలు 'జూన్‌టీన్త్' అని పిలుచుకునే బానిసత్వ విముక్తి దినం అది. సెనేట్‌లో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. దిగువ సభలో 415 మంది ఔనన్నారు, 14 మంది కాదన్నారు. చరిత్రాత్మక విజయమని కొందరు, ఉత్త కంటితుడుపని కొందరు అంటున్నారు. ఈ రెండు మాటలతోనూ మాకు పేచీ ఉంది. ఆ సెలవు ఎవరి కథ చెబుతోందన్నది మా ప్రశ్న.

ముందు ఆ తేదీ సంగతి చూద్దాం. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1న వచ్చింది. టెక్సాస్ దొరలు రెండున్నరేళ్లు దాన్ని ఖాతరు చెయ్యలేదు. 1865 జూన్ 19న సైన్యంతో గాల్వెస్టన్ రేవుకొచ్చిన జనరల్ గ్రేంజర్ మూడో నంబరు ఉత్తర్వు జారీ చేస్తే తప్ప అక్కడి సుమారు రెండున్నర లక్షల మందికి విముక్తి మొదలు కాలేదు. బానిసలందరూ స్వతంత్రులనీ, హక్కుల్లో యజమానితో సమానమనీ ఉత్తర్వు చెప్పింది. బాగానే ఉంది. కింది వాక్యాలు కూడా చదవాలి కదా! ఉన్నచోటే గమ్మున ఉండండి, కూలికి పనిచేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర గుమిగూడొద్దు, ఊరికే కూర్చుంటే పోషించేది లేదు. తరతరాలు జీతం లేని చాకిరీ చేసినవాళ్లకు సోమరితనం మీద హెచ్చరిక! భూమి దొర చేతిలోనే ఉండిపోయింది, బానిస కూలివాడయ్యాడు. ఆ డిసెంబరులో ఆమోదం పొందిన పదమూడో రాజ్యాంగ సవరణ సైతం నేరానికి శిక్షగా వెట్టిని మిగిల్చింది.

మరి ఈ రోజును పండగ చేసిందెవరు? విముక్తులైన వాళ్లే. 1872లో హ్యూస్టన్‌లో జాక్ యేట్స్ వంటి పెద్దలు చందాలు పోగుచేసి, ఈ పండగ జరుపుకోవడానికే పదెకరాలు కొన్నారు. 1979లో టెక్సాస్ శాసనసభలో ఆల్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి సభ్యుడు పట్టుబట్టి రాష్ట్ర సెలవు సాధించాడు. 2016లో ఓపల్ లీ అనే 89 ఏళ్ల ముసలమ్మ జాతీయ సెలవు కావాలని ఫోర్ట్‌వర్త్ నుంచి వాషింగ్టన్ దిక్కు నడక మొదలెట్టింది. నూటయాభై ఏళ్లు జనం మోసుకొచ్చిన రోజు మీద రాజ్యం చివర్లో ముద్ర వేసింది. అందుకే దీన్ని దానంగా చూపించడం చరిత్రను తలకిందులు చెయ్యడమే.

ముద్ర వేసిన చేతులు ఇంకేం చేశాయి? బైడెన్ సంతకానికి సరిగ్గా రెండు రోజుల ముందు టెక్సాస్ గవర్నర్ మరో చట్టం మీద సంతకం పెట్టాడు. బానిసత్వమూ జాతివివక్షా అమెరికా మూలసూత్రాల నుంచి దారితప్పడం మాత్రమే, అంతకు మించి బడిలో బోధించరాదన్నది అందులో ఒక నిబంధన. పండగ చేసుకో, పాఠం అడగకు! నష్టపరిహారం గురించి అధ్యయనం చెయ్యమనే బిల్లు 1989లో మొదటిసారి సభకొచ్చింది. ఆ సెలవు చట్టమైన నాటికి కూడా అది గట్టెక్కలేదు. పరిహారం ఆ దేశానికి తెలియని మాటేమీ కాదు. 1862లో వాషింగ్టన్ నగరంలో బానిసల్ని విడిపించినప్పుడు తలకు 300 డాలర్ల దాకా యజమానులకు చెల్లించారు. విముక్తులకు 100 డాలర్ల దాకా ఇస్తామన్నారు, అదీ దేశం వదిలి పోతేనే!

ఇది మనకు పరాయి ముచ్చట కాదు. జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరీ'ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికన్లకే అంకితమిచ్చాడు. మన దగ్గర 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అప్పును రద్దు చేసింది, సాగుభూమి ఊసెత్తలేదు. ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహానికి దండ వేసే నాయకుణ్ణి మర్నాడు భూమి గురించి అడిగితే ఏం జవాబొస్తుందో వాడల్లో అందరికీ తెలుసు.

సెలవు వద్దని మేం అనడం లేదు. పని ఆగిన ఒక రోజు దొరికితే నలుగురం కూడొచ్చు, పాత ఉత్తర్వును కింది వాక్యం దాకా చదవొచ్చు. 1865లో గుమిగూడొద్దన్నారు. గుమిగూడి లెక్క అడిగినప్పుడే ఆ రోజు మనదవుతుంది.