చుక్క పెడితే ఊరు నిలుస్తుందా?

పటం కూడా ఒక రచనే. దానికి రాసినవాళ్ళుంటారు, రాయించినవాళ్ళుంటారు. చదివేది ఎవరో ముందే అనుకుని గీస్తారు. కథనీ పాటనీ విమర్శించినట్టే పటాన్నీ విమర్శించాలి. బడి పుస్తకం దిక్కులు, స్కేలు, గుర్తుల పట్టిక నేర్పి ఊరుకుంటుంది. ఎవరు గీశారు, ఎవరి అవసరానికి గీశారు, ఏం వదిలేశారు అన్న మూడు ప్రశ్నలు ఆదివాసీ బడిలో వాటి పక్కన చేరాలని మా అభిప్రాయం.

ఆ మూడు ప్రశ్నలతో ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర ప్రభుత్వం అబోరిజినల్ ఊళ్ళ కోసం తయారుచేస్తున్న పటాలను చదువుతున్నాం. అంత దూరం దేనికని అడగొచ్చు. ఆదివాసీ ఊళ్ళకంటూ విడిగా ఒక ప్రణాళికా విధానం రాసుకుని, దాని ప్రకారం పటాలు చేయించే ప్రభుత్వాలు అరుదు. పని శ్రద్ధగా జరిగినచోటే, ఆ పనితో ఏది సాధ్యం, ఏది కాదు అన్నది కూడా తేటగా కనబడుతుంది.

ఆ రాష్ట్రం వైశాల్యం దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి తొమ్మిది రెట్లు. ఎడారిలో, కింబర్లీ ప్రాంతపు కొండల్లో, సముద్రం ఒడ్డున అబోరిజినల్ ఊళ్ళు చెదురుగా ఉంటాయి. 2014లో ప్రభుత్వం చెప్పిన లెక్క 274. కొన్నిటిలో వందల మంది, కొన్నిటిలో ఒకటి రెండు కుటుంబాలు. ఈ ఊళ్ళ కోసం 2011లో రాష్ట్రం ప్రత్యేక ప్రణాళికా విధానం తెచ్చింది. దాని కింద తయారయ్యే పటాన్ని లేఅవుట్ ప్లాన్ అంటారు. ఇళ్ళ స్థలాలు, బడి, దుకాణం, రోడ్లు, చిన్న విమానాలు దిగే చోటు అందులో ఉంటాయి. తాగునీటి బోరు చుట్టూ ఎంత మేర కాపాడాలి, మురుగునీటి గుంటకు ఇళ్ళు ఎంత దూరం ఉండాలి అన్నవీ ఉంటాయి. ఈ హద్దులను ప్రభుత్వం కంప్యూటర్ పటాలుగా బయట పెడుతుంది. ఎవరైనా చూడొచ్చు.

ఇందులో మెచ్చుకోవాల్సిన సంగతులున్నాయి. ఊళ్ళో ఉంటున్నవాళ్ళు వేరు, ఆ నేలకు సంప్రదాయ హక్కుదారులు వేరు కావచ్చు. మిషన్లు, పశువుల ఎస్టేట్లు, ప్రభుత్వాలు జనాన్ని అటూ ఇటూ తరలించిన చరిత్ర అది. ఆ తేడా గుర్తించి ఇద్దరి మాటా అడగాలని విధానం చెబుతుంది. ఇక్కడ ఏమీ కట్టొద్దని ఊరు చెప్పిన చోటును పటంలో అలాగే గుర్తించే వీలుంది. రాష్ట్ర వారసత్వ స్థలాల పటంలోనైతే కొన్ని పవిత్ర స్థలాల అసలు చోటు చూపరు, దాని చుట్టూ పెద్ద ప్రాంతాన్ని మాత్రమే చూపుతారు. ఆడవాళ్ళే తెలుసుకోవాల్సినవి, మగవాళ్ళే తెలుసుకోవాల్సినవి అక్కడ విడిగా ఉంటాయి. పటంలో దాచడం కూడా ఒక మర్యాద అని అధికారులు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఇక విమర్శకు వద్దాం. లేఅవుట్ ప్లాన్‌కు చివరి ఆమోదం ఊరిది కాదు, రాష్ట్ర ప్రణాళికా సంఘానిది. పటం ఇంటికి స్థలం చూపుతుంది గాని ఇల్లు కట్టదు. కరెంటు తీగ ఎక్కడినుంచి రావాలో చెబుతుంది గాని తీగ తెంచకుండా ఆపలేదు. ఈ ఊళ్ళ నీరు, కరెంటు వంటి సేవలకు ఇస్తున్న నిధులను కేంద్ర ప్రభుత్వం 2014లో ఆపేయ నిశ్చయించి, ఒకేసారి 9 కోట్ల డాలర్లు ఇచ్చి భారాన్ని రాష్ట్రం మీద పెట్టింది. ఆ నవంబరులో రాష్ట్ర ప్రధాని కోలిన్ బార్నెట్ 100 నుంచి 150 ఊళ్ళు మూతపడవచ్చని ప్రకటించాడు. 2015 మార్చిలో దేశ ప్రధాని టోనీ అబాట్, అలాంటి చోట్ల బతకడం వాళ్ళు ఎంచుకున్న జీవనశైలి అని, దానికి ప్రజల సొమ్ము పెట్టలేమని అర్థం వచ్చేలా మాట్లాడాడు. కింబర్లీలోని వాంగ్‌కాట్‌జుంకా అనే చిన్న ఊరినుంచి నిరసన లేచి దేశమంతా పాకింది. మూత ఆ రూపంలో అమలు కాలేదు. కానీ 2011లో ఖాళీ చేయించిన ఊంబుల్‌గరి ఊరి ఇళ్ళను 2014లో కూల్చేశారు. ఊళ్ళో తీవ్రమైన సమస్యలున్నాయని ప్రభుత్వం చెప్పింది. ఉన్నాయి కూడా. సమస్యలున్న ఊరికి సేవలు పెంచుతారు గాని బడి, ఆసుపత్రి ఎత్తేసి ఇళ్ళు కూల్చరు కదా.

కాబట్టి బోరు ఎక్కడ వేయాలో చెప్పే డేటాతోనే, ఏ ఊరికి ఖర్చు ఎక్కువో, ఎక్కడ జనం తక్కువో కూడా లెక్క తీయొచ్చు. చుక్క ఊరిని చూపుతుంది. ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టి మేలో కీడో తేలుతుంది.

వదిలేసినదాని సంగతి చూద్దాం. 1964లో దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరానుంచి బ్రిటన్ రాకెట్లు ప్రయోగిస్తూ, అవి పడే దారిలోని పశ్చిమ ఎడారిని ఖాళీ నేలగా లెక్కించింది. తీరా వెళ్ళిన అధికారులకు పెర్సివల్ సరస్సుల దగ్గర 20 మంది మార్టు స్త్రీలు, పిల్లలు కనబడ్డారు. వాళ్ళను అక్కడినుంచి తరలించారు. 1980ల్లో మార్టు ప్రజలు తమ నేలకు తిరిగివెళ్ళి పన్ము, పార్న్‌గుర్ వంటి ఊళ్ళు కట్టుకున్నారు. 2002లో ఆ నేలమీద వాళ్ళ సంప్రదాయ హక్కును కోర్టు గుర్తించింది. ఖాళీ అన్న మాటను ఇలాగే అనుమానించాలి. అబోరిజినల్ ఊళ్ళలో చాలాచోట్ల మనిషి పోయిన ఇంటిని కొంతకాలం వదిలేస్తారు. చావులకీ పండుగలకీ ఊరు ఊరే కదిలిపోతుంది. ఆ రోజు లెక్కకొచ్చినవాడికి ఖాళీ ఇల్లే కనబడుతుంది.

సమాచారం ఉంటే చాలు, న్యాయం జరుగుతుందనేవాళ్ళకు జూకన్ లోయ జవాబు. 46,000 ఏళ్ళనాటి మనిషి జాడలున్న రాతి గుహలవి. వాటి విలువ తవ్వకాల్లో తేలింది, నివేదికలకెక్కింది. అయినా 2020 మే 24న రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం పేల్చేసింది. 1972 నాటి వారసత్వ చట్టం కింద అనుమతి దాని చేతిలో ఉంది. ఆ తర్వాత తెచ్చిన కొత్త చట్టం 2023 జూలైలో అమల్లోకి వచ్చి, అదే ఏడాది రద్దయింది. పాత చట్టమే కొన్ని సవరణలతో తిరిగొచ్చింది. పుటు కుంటి కురమ, పినికుర ప్రజలకు లోపించింది సమాచారం కాదు, వద్దని చెప్పి ఆపగల అధికారం.

మన దగ్గర ఆ అధికారం కొంతైనా కాగితం మీద ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(1)(హెచ్) సర్వే కాని, రికార్డులకెక్కని అటవీ ఊళ్ళను రెవెన్యూ గ్రామాలుగా మార్చుకునే హక్కు ఇస్తుంది. ఆ చట్టం నియమాలు పెద్దల వాంగ్మూలాన్నీ, బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాల ఆనవాళ్ళనూ సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యానికి తోడుగానే ఉండాలి, దాని స్థానంలోకి రాకూడదని 2012 సవరణ చెబుతుంది. పైనుంచి తీసిన ఫొటోలో పోడు కనబడలేదు గనక క్లెయిము చెల్లదని ఎవరైనా అంటే, చూపాల్సింది ఈ నియమమే.

యువకులారా, తోటి ఉపాధ్యాయులారా, ఆదివాసీ ఊరి పటం ముందు ఊళ్ళోనే తయారవ్వాలి. పిల్లలు పెద్దలతో కలిసి నడిచి వాగులు, చెలమలు, పోడు హద్దులు, దేవర చోట్లు రాసుకోవాలి. అందులో ఏది బయటివాళ్ళకు చూపాలి, ఏది మనలోనే ఉంచుకోవాలి అన్నది గ్రామసభ తీర్మానించాలి. ఒక నకలు దరఖాస్తుతో పోతుంది. అసలు పటం తీర్మానం పుస్తకంతో పాటు ఊళ్ళోనే ఉంటుంది. రేపు ప్రభుత్వ పటం వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట సంతకం పెట్టకుండా ప్రశ్న అడగవచ్చు.