పప్పు దించేదెప్పుడు?

పోయిన నెల నల్లకుంటలో అమ్మ దగ్గర నాలుగు రోజులుండి వచ్చాను. శంకరమఠం నుంచి ఆవిడ తిరిగొచ్చేసరికి టీవీలో “నైంటీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్” పెట్టి వుంచాను. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ఆరు భాగాల కథ అది. ఆదిత్య హాసన్ దర్శకుడు. శివాజీ లెక్కల మాస్టారు, వాసుకి ఇల్లాలు, ముగ్గురు పిల్లలు.

మొదటి భాగం సగంలో అమ్మ అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది.

“ఇందులో ప్రకటనలు రావుటే? మరి నేను పప్పు దించేదెప్పుడు?”

నేను నవ్వేశాను. కాని ఆలోచిస్తే అది నవ్వే ప్రశ్న కాదండీ.

హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. కేంద్రం మాకు దగ్గరే, రామంతాపూర్‌లో. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం వస్తుంటే ఇరుగు పొరుగు, పనిమనిషి, పిల్లలు అందరూ మా హాల్లోనే. అప్పట్లో ప్రకటనలు ఎక్కువగా కార్యక్రమానికి ముందే వచ్చేవి. ఆ సబ్బు ప్రకటన మా నాన్నగారికీ, పనిమనిషికీ ఒకటే. బావుంటే అందరం కలిసే నవ్వుకునేవాళ్ళం.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక ప్రకటనలు కథ మధ్యలోకి దూరాయి. మగవాళ్ళు విసుక్కున్నారు. ఆడవాళ్ళు మాత్రం ఆ మూడు నిముషాల్లో పాలు పొంగకుండా దించి, పోపు వేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవారు.

కథకి మాత్రం చేటే జరిగింది. కోడలి చేతిలో కాఫీ కప్పు కింద పడకముందే విరామం. తిరిగొచ్చాక అత్తగారి మొహం మూడుసార్లు చూపించాలి. లేకపోతే చూసేవాళ్ళు వేరే ఛానల్‌కి పారిపోతారని భయం. వారం వారం సీరియల్ రాసేదాన్ని, ఆ పాపంలో నాకూ వాటా వుంది లెండి!

“నైంటీస్”లో ఆ బెదిరింపులు లేవు. పిల్లల మార్కులు, నెలాఖరు లెక్కలు, చిన్న చిన్న అలకలు, ఇంతే కథ. తొందర లేకుండా నడిచింది. ఇల్లాలి మనసులోకి ఇంకాస్త తొంగి చూసి వుంటే బావుండేది గాని, విలన్ లేకుండా మన ఇంటి కథ చెప్పొచ్చని చూపించారు. మేం చూసినప్పుడు మధ్యలో ప్రకటనలూ లేవు.

అయితే ఈ సుఖం ఎన్నాళ్ళు? డబ్బు కడితే ప్రకటనలుండవన్నమాట నిన్నటిదైపోతోంది. మన దేశంలో అమెజాన్ ప్రైమ్ వీడియోలో 2025 జూన్ నుంచి ప్రకటనలు మొదలయ్యాయి. వద్దనుకుంటే పైన ఇంకొంత కట్టాలి.

అదీ సర్దుకుపోవచ్చు. మర్నాడు జరిగిందే నాకు మింగుడు పడలేదు. అమ్మ ఇంకో దాంట్లో పాత సినిమా చూస్తోంది. పావుగంటకోసారి మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన!

“నా మోకాళ్ళ సంగతి వీడికెవరు చెప్పారే?” అంది అమ్మ.

చెప్పింది నేనేనేమో! అంతకు వారం ముందు నా ఫోన్‌లో మోకాళ్ళ నొప్పుల డాక్టరు కోసం వెతికాను. ఆవిడ టీవీలో వున్నదీ నా ఖాతాయే. మనం ఏం వెతికామో, ఏం చూశామో, ఏం కొన్నామో లెక్కగట్టి, ఎవరి ప్రకటన వాళ్ళకి పంపడమే ఇప్పటి వ్యాపారం. మా ఆయన ఫోన్‌లో షేర్లు, మా అబ్బాయికి ఆటలు, అమ్మకి నూనె.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది, “అయితే నాకింక ఆ నూనె తప్ప ఏమీ అక్కర్లేదనుకున్నాడన్నమాట.”

వారానికి నాలుగు నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన మనిషండీ మా అమ్మ! ఆవిడకి ఒక పుస్తకం, ఒక మంచి నేతచీర చూపిద్దామని ఆ యంత్రానికి తోచలేదు. వెనకటి ప్రకటనకి మనమెవరమో తెలిసేది కాదు. అందుకే అందరినీ ఒకేలా పిలిచేది. ఇప్పటిది మన నొప్పి తెలుసుకుని, మనమంటే ఆ నొప్పేననుకుంటోంది.

ఆ రాత్రే ఆవిడకి వేరే ఖాతా తెరిచాను. ఏం చూడాలో ఆవిడే ఎంచుకుంటుంది. మిగిలిన “నైంటీస్” భాగాలు చూస్తుంటే మళ్ళీ కుక్కర్ కూత వేసింది. అమ్మ లేవబోయింది. రిమోట్‌లో ఆపే మీట నొక్కి, “నువ్వు కూర్చో” అని, పప్పు నేనే వెళ్ళి దించాను.