కొట్టంలోకి అడుగు పెట్టే ముందు

గేదె నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. రెండు రోజులుగా మేత ముట్టలేదు, కుడితి తాగలేదు. "గొంతులో చొప్ప దంటు అడ్డం పడ్డట్టుంది సార్, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు రైతు. నేను పశువైద్యుడిగా చేరిన తొలి ఏడాది అది. గ్లవ్స్ బండి డిక్కీలో ఉన్నాయి, బండి వీధి చివర ఉంది. వెళ్లి తెచ్చుకుంటే పశువంటే అసహ్యమనుకుంటారేమో అనిపించింది. చొక్కా చెయ్యి పైకి మడిచి వట్టి చేత్తోనే గొంతు దాకా తడిమాను. ఏమీ దొరకలేదు.

మర్నాటి సాయంత్రానికి గేదె చచ్చిపోయింది. అప్పుడు చెప్పింది ఇంటావిడ, నెలన్నర కిందట చేలో దాన్ని కుక్క కరిచిందని, పసుపు అద్ది ఊరుకున్నామని. నా వేళ్ల కణుపుల మీద పలుపు ఒరుసుకున్న గీతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గేదెకు మందు పోసిన రైతు, నోరు తుడిచిన ఆయన భార్య, నేను, ముగ్గురం ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకాలు మొదలుపెట్టాం. చివరి సూది పడేదాకా కంటి నిండా నిద్ర లేదు.

రేబిస్ సోకిన పశువుకు గొంతు కండరాలు చచ్చుబడతాయి. మింగలేక చొంగ కారుస్తుంది. చూసేవాళ్లకు ఏదో అడ్డం పడ్డట్టే ఉంటుంది. వైరస్ ఉండేది ఆ చొంగలోనే. అందుకే ఇప్పుడు నోరు తెరిపించే ముందు కుక్క కాటు సంగతి అడుగుతాను. చొంగ గీతల మీద పడితే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మనిషిలో లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు లేదు. పశువులతో పని చేసేవాళ్లు ముందుగానే టీకా వేయించుకోవడం మేలు.

పశువుల నుంచి మనిషికి అంటే మరో జబ్బు బ్రుసెల్లా. అది ఇంత తొందరగా బయటపడదు. అది సోకిన చూడి గేదె నెలలు నిండకుండా ఈసుకుపోతే, పడిన మాయను ఇంటి ఆడవాళ్లే వట్టి చేతులతో ఎత్తి పెంట మీద వేస్తారు. తర్వాత వచ్చిపోయే జ్వరానికి, కీళ్ల నొప్పులకు నెలల తరబడి మందులు మింగుతారు. ఆ మాయను సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. పాలు కాచే తాగాలి. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు టీకా ఒక్కసారి వేయిస్తే చాలు. అందులో ఉన్నది బతికున్న క్రిమి గనుక, సూది గుచ్చుకుంటే వేసేవాళ్లకూ జబ్బు రావచ్చు. గ్లవ్స్, కళ్లద్దాలు వాళ్లకు తప్పనిసరి.

జబ్బులతోనే కాదు, తన్నుతోనూ జాగ్రత్తగా ఉండాలి. ఆవు కాలు వెనక్కే కాదు, పక్కకూ విసురుతుంది. పలకరించి, అది చూశాక భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి.

మన పల్లెల్లో గొడ్డును బిడ్డలాగే ముట్టుకుంటారు. ఆ ప్రేమను నేను తప్పు పట్టలేను. ఆ చేతులకు జబ్బు అంటకుండా చూడాలన్నదే నా తపన.

పోయిన నెల ఒక కొట్టంలో గేదె ఈసుకుపోయింది. నేను వెళ్లేసరికి ఆ ఇంటి కోడలు పిల్లల్ని గడప దాటనివ్వకుండా నిలబడి ఉంది. "మాయ ఎవరం ముట్టుకోలేదు సార్, పోయినసారి మీరు చెప్పారుగా" అంది. సంచిలోంచి రెండు జతల గ్లవ్స్ తీశాను. మొదటి జత ఆమెకిచ్చి, ఆమె తొడుక్కున్నాక నాది తొడుక్కున్నాను.