తుపాకి మీది ముద్రలు

గంజాం జిల్లాలో పాత తుపాకులు ఎక్కువగా వారసత్వంగా చేతులు మారినవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఖల్లికోట, చికిటి, ధరాకోట జమీందారీల కాలంలో తుపాకి ఇంటి హోదాకు గుర్తు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట రోజులు పోయి అది బీరువాకెక్కింది. లైసెన్సుకు మాత్రం నేటికీ బరంపురం వాళ్లయినా ఛత్రపూర్ రావాల్సిందే. జిల్లా కలెక్టరేట్ ఉన్నది ఇక్కడే.

1959 ఆయుధ చట్టానికి 1983లో చేసిన సవరణ ఒక మనిషికి మూడు తుపాకులదాకా ఒప్పుకుంది. 2019 సవరణ దాన్ని రెండుకు తగ్గించింది, తాతల నాటివాటికీ అదే లెక్క. మూడోది ఠాణాకో, లైసెన్సున్న డీలరుకో అప్పగించాలి. ఏది వదులుకోవాలో తేల్చుకోవడానికి ముందు ప్రతి తుపాకి మీది ముద్రలు చదవడం అవసరం. మెరుపు చూసి ఎంచుకుంటే చరిత్ర ఉన్నదే చేజారవచ్చు.

సైనిక రైఫిళ్లలో మనవారికి బాగా తెలిసింది త్రీ నాట్ త్రీ, అంటే లీ ఎన్‌ఫీల్డ్. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ దీన్ని దశాబ్దాలపాటు చేసింది. బోల్టు పిడి వెనక, కుందా మెడను చుట్టిన ఇనుప పట్టీ మీద కిరీటం, జార్జి చక్రవర్తిని సూచించే జీఆర్ఐ అక్షరాలు, కింద తయారైన ఏడాది కనిపిస్తాయి. స్వాతంత్ర్యం తర్వాతివాటి మీద కిరీటం పోయి అశోక సింహాలు, ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అక్షరాలు వచ్చాయి. బోల్టు మీది నంబరు, రైఫిల్ నంబరు ఒకటే అయితే ఆ రెండూ ఒకదానికొకటి అమర్చిన జోడీ అన్నమాట. అయితే త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సుకు రాదు. అందుకే పౌరుల చేతిలో కనిపించేది, అదే తరహా బోల్టుతో చేసిన పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిల్.

అన్నింటికన్నా ఆసక్తికరమైనది పోలీసు మస్కెట్. సైన్యపు రైఫిల్‌నే తీసుకుని గొట్టాన్ని నున్నగా తొలిచి పాయింట్ 410 బోరుగా మార్చారు. పది తూటాలు పట్టే పెట్టెలో చెక్క దిమ్మ బిగించారు. ఇక ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చాల్సిందే. ఠాణా మీద దాడి జరిగి ఆయుధం పోయినా, దానికి సైన్యపు తూటా పనికిరాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల ఆయుధాలు పట్టుకుపోయిన సంగతి తెలిసినవారికి ఆ చెక్క దిమ్మలో పాలకుల భయం కనిపిస్తుంది. ఎవరైనా అది అక్కరలేదని ఊడబెరికి పారేస్తే, ఆ తుపాకి చెప్పే కథలో సగం పోయినట్టే.

మార్పులు చేసే అలవాటుకు చట్టమే అడ్డుకట్ట వేసింది. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం, తుపాకిని ఒక తరగతి నుంచి మరో తరగతికి మార్చడం నేరం. ఈ విషయంలో చట్టం సేకర్తకు మేలే చేసింది. యుద్ధాల తర్వాత పాశ్చాత్య దేశాల్లో చవగ్గా దొరికిన రైఫిళ్ల కర్రను, గొట్టాన్ని కోసి వేట తుపాకులు చేసుకున్నారు. ఇప్పుడు కోయనివాటికే విలువ. కాలం చెల్లిన ఆయుధానికి మన చట్టంలో మినహాయింపు ఉంది కానీ, బాగుచేసినా పేలదని తేలితేనే. తుప్పుపట్టి బిగుసుకుపోయిందన్న మాట చాలదు.

సముద్రపు గాలి తగిలే ఛత్రపూర్‌లో ఇనుముకు ఉప్పే శత్రువు. పాత తూటాల క్యాపులోని మందు కాలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది, నూనెకు అది కరగదు. ముందు వేడినీళ్లు పోసి కడిగి, పొడిగా తుడిచి, ఆ తర్వాతే నూనె రాయాలి. లీ ఎన్‌ఫీల్డ్ కుందా అడుగున చిన్న తలుపు తెరిస్తే లోపల ఇత్తడి నూనె సీసా, గొట్టం తుడిచే తాడు ఉంటాయి. కర్రకు అవిసె నూనె పలచగా రుద్దితే చాలు, వార్నిష్ వేస్తే ముద్రలు పూడిపోతాయి. తోలు సంచిలో మాత్రం దాచకూడదు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది.