అర్థము లేని పదపట్టికలు

ఆంగ్లాక్షరములతో నాడు పదక్రీడలు చదువుకొన్న మన కుటుంబములలో ప్రవేశించి చాల కాలమైనది. వానికి తోడుగా పదపట్టికలును వచ్చినవి. 'క్యూ' ఉండి 'యూ' లేని పదము లెవ్వి, అచ్చులు లేని పదము లెవ్వి, 'జడ్' గల రెండక్షరముల పదము లెవ్వి యని యడుగువారికి ఇవి వరుసలు దీర్చి చూపును. ఇప్పుడు పుస్తకము తెరువ నక్కఱయు లేదు. చేతనున్న యేడక్షరములను సెల్‌ఫోనులో నొక్కినచో ఱెప్పపాటులో పదములన్నియు వచ్చి నిలుచును. దీనివలన పిల్లలకు ఆంగ్లము వచ్చునని తల్లిదండ్రులు సంతసించుచున్నారు. వచ్చునది ఆంగ్లమేనా యనునదియే ఇచట విమర్శింపదలచిన విషయము.

ఈ క్రీడలలో ముఖ్యమైన స్క్రాబుల్‌ను కల్పించినవాడు ఆల్‌ఫ్రెడ్ బట్స్ అను అమెరికా గృహనిర్మాణశిల్పి. 1930 తరువాతి ఆర్థికమాంద్యములో పని లేక యున్న కాలమున ఆతనికి ఈ యూహ పుట్టినది. 1948లో జేమ్స్ బ్రూనో అను నాతడు దానికి నేటి పేరు పెట్టి విపణికి తెచ్చెను. బట్స్ చేసిన పని మెచ్చదగినది. వార్తాపత్రికల పుటలు ముందిడుకొని ఏ యక్షరము ఎన్నిమారులు వచ్చినదో లెక్కించి, ఆ లెక్కను బట్టి బిళ్లల సంఖ్యను, విలువను నిర్ణయించెను. నూరు బిళ్లలలో 'ఈ' 12. ఒక్కొక్కదాని విలువ 1. 'క్యూ' ఒక్కటే, దాని విలువ 10. బహువచనములు చేయుట మరీ సులభము కాకుండ 'ఎస్' బిళ్లలు నాలుగింటితో సరిపెట్టెను.

ఆటను చేసినవాడు భాషను చదివి చేసెను. పట్టికలు కూర్చినవారికి ఆ శ్రద్ధ లేదు. 'క్యూ' సంగతియే చూడుడు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, లేఖకులు ఫ్రెంచి పద్ధతి ననుసరించి 'క్యూ' ప్రక్కన 'యూ' వ్రాయు నలవాటును నాటిరి. రాణి యను నర్థము గల 'క్వీన్' అను శుద్ధాంగ్లపదము గూడ ఆ వేషమునే ధరించినది. కావున 'యూ' తోడు లేని 'క్యూ' కనబడినచో, ఆ పదము పరదేశమునుండి వచ్చిన దని చాలవఱకు ఊహింపవచ్చును. పట్టికలో నట్టివి ఎన్నియో యుండును: ఫకీరు, ఖాజీ, తలాఖ్, నిఖాబ్. అరబ్బీలో కంఠమూలమున పలుకు నొక వర్ణమునకు 'క్యూ'ను గుర్తుగా వాడుటచే నివి యట్లు వ్రాయబడుచున్నవి. ప్రాణశక్తి యను నర్థమున చీనా దేశమునుండి వచ్చిన రెండక్షరముల 'చీ' కథ వేఱు; చీనావారు 1958లో అంగీకరించిన రోమన్ లిపిపద్ధతిలో 'క్యూ' పలుకే వేఱు. ఇక అచ్చులు లేవని చూపు 'కూమ్', 'క్రూత్' అను పదములు వేల్సు భాషవి. ఆ భాషలో 'డబ్ల్యూ' యే అచ్చుగా పలుకును. మొదటిది లోయ, రెండవది యొక తంత్రీవాద్యము. ఇంత సంపద యుండగా పట్టిక ఒక్క మాటయు చెప్పదు. అక్షరములు లెక్కపెట్టి పంపివేయును.

ఈ మౌనము పిల్లలకు విద్యానష్టము కలిగించుటతో నాగదు. 1978లో అమెరికాలో వెలువడిన స్క్రాబుల్ నిఘంటువు కురచగానైనను అర్థముల నిచ్చెను. 1990 తరువాత, జాతులను దూషించు పదము లందుండ తగదని ఆక్షేపణ రాగా, వానిని గృహములకై యచ్చువేయు ప్రతులనుండి తొలగించిరి. పోటీలవారికై 1998లో అర్థములే లేని వేఱొక పట్టిక వెలువడినది. తిట్లు అందు నిలిచియే యున్నవి. 2020లో ఉత్తర అమెరికా క్రీడాకారుల సంఘము అట్టి పదములను తన పట్టికనుండి గూడ తీసివేసెను. ఎదిరించినవారి వాదము వినదగినది: బోర్డుపై పదమునకు అర్థము లేదట, అక్షరములును విలువయు మాత్రమేనట! తిట్టినవానికి అర్థము లేకపోవచ్చును. తిట్టు పడినవానికి ఏ బోర్డుపై చూచినను అర్థము తోచును. కులము పేరు పెట్టి తిట్టించుకొన్నవారున్న దేశమున ఈ సంగతిని విస్తరించి వ్రాయ నేల?

అర్థము లేకయే గెలువవచ్చునని నైజెల్ రిచర్డ్స్ నిరూపించెను గదా యందురు. న్యూజీలండు వాడగు నాతడు ఫ్రెంచి మాటలాడ నేరకయే 2015లో ఫ్రెంచి భాషలోని ప్రపంచపోటీని గెలిచెను. 2024లో స్పానిష్ భాషలో గెలిచెను. ఆ ధారణకు నమస్కరింపవలసినదే. అయినను ఆతనిచే ఫ్రెంచి నేర్పింప నెవరును పిలువరు. అర్థ మెఱుగక వేదము వల్లించువానిని బరువు మోయు స్తంభముతో పోల్చిన మాటను యాస్కుడు నిరుక్తమున నుదాహరించెను. అమరము వల్లెవేయించిన మన పెద్దలును పట్టికనే నేర్పిరి గదా యని మఱియొక ప్రశ్న. నిజమే. కాని అమరసింహుడు పదములను స్వర్గము, భూమి, వనౌషధులు అను వర్గములుగా అర్థమును బట్టి కూర్చెను. కడపటి హల్లును బట్టి వరుస యేర్పఱచిన నానార్థవర్గమున గూడ ప్రతిపదమునకు అర్థము చెప్పెను. అక్షరమును బట్టి వెదకుటలో దోష మేమియు లేదని దీనివలననే తెలియుచున్నది.

ఇంటి యాటకు నే నొక నియమము సూచించెదను. పట్టిక చూచి పదము పెట్టవచ్చును. కాని అర్థము చెప్పినవారికే పూర్తి విలువ. చెప్పలేనివారు పెద్ద నిఘంటువు తెచ్చి అందఱును వినునట్లు చదివి సగము తీసికొనవలెను. ఆట మందగించునని పిల్లలు గొణిగెదరు, గొణుగనిండు. ఈ నియమముతో ఆంగ్లము రాని యవ్వయు బోర్డు ప్రక్కన కూర్చుండగలదు. ఫకీరనగా నెవరో, ఖద్దరనగా నేమో ఆమెకు పిల్లలకంటె బాగుగ తెలియును. 'బాండికూట్' అను తొమ్మిదక్షరముల పదమును మనుమడు పేర్చి, అర్థము తోచక నిఘంటువు తెచ్చినచో, అది మన పందికొక్కే యనియు, తెలుగునుండియే ఆంగ్లమునకు పోయిన దనియు అందు కనబడును. అది గాదెక్రింద మన్ను త్రవ్వు తీరును, బస్తాలకు చేయు నష్టమును మిగిలినవారికి ఆమెయే చెప్పును.